అత్తయ్యగారి దండ ఫోటో

"దండ వేసే ఫోటో ఒకటి ఇప్పుడే తీసి పెట్టెయ్యండ్రా, ఓ పనైపోతుంది" అన్నారు అత్తయ్యగారు, కారప్పొడిలో నెయ్యి కలుపుకుంటూ.

ఆదివారం పొద్దున్న, ఇడ్లీల దగ్గర. మావారికి పొలమారింది. మా చిన్నది "ఏం దండ మామ్మా?" అని అడిగింది. నేను చట్నీ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏంటమ్మా పొద్దున్నే ఆ మాటలు" అని మావారు విసుక్కున్నారు. ఆవిడ చలించలేదు. "మాటలు కాదురా, ముందుచూపు. మీ నాన్నకి చేసినట్టు నాకు చెయ్యకండి, అంతే నేననేది."

ఆ కథ మీకు చెప్పాలి. మా మామయ్యగారు పోయినప్పుడు తణుకులో ఇంటినిండా జనం, స్టూడియో అబ్బాయి వచ్చి ఫోటో అడిగితే బీరువా అంతా వెతికినా ఆయన ఒక్కరే ఉన్న ఫోటో దొరకలేదు. ఎప్పుడూ కెమెరా వెనకో, వంటవాళ్ళ దగ్గరో ఉండే మనిషి. చివరికి ఎవరిదో పెళ్ళిలో తీసిన గ్రూప్ ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేశారు. ఎడమ భుజం పక్కన ఊదారంగు పట్టుచీర అంచు ఒకటి ఉండిపోయింది. ఆ చీర ఆవిడ వరసకి ఆడపడుచుది. వాళ్ళిద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవు. "రోజూ మీ నాన్నకి దండం పెట్టుకుంటుంటే దాని చీర చెంగుకి కూడా పెట్టుకున్నట్టవుతోంది నా ఖర్మ" అని ఆవిడ ఇప్పటికీ అంటారు. నవ్వాలో వద్దో తెలియదు.

సరే, ఫోటో తీయడానికి ఆవిడ పెట్టిన షరతులు రెండు. ఒకటి, మొహానికి రంగులూ పూతలూ వద్దు, ఉన్నది ఉన్నట్టు రావాలి. రెండు, బాల్కనీ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటారు, వెనకాల వాళ్ళబ్బాయి ఆఫీసు కనిపించాలి. "మన ఊళ్ళో అందరూ అడుగుతారే అమ్మాయ్, మీవాడు ఏ బిల్డింగులో పనిచేస్తాడండీ అని. ఇదీ అని చూపించుకోవద్దూ?"

చూపించుకోవచ్చు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మాది కొండాపూర్ లో పద్నాలుగో అంతస్తు. కొన్న కొత్తలో బాల్కనీలోంచి సైబర్ టవర్స్ గుండ్రటి తల కనిపించేది. 1998 నవంబరులో వాజపేయి గారు దాన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్ళూ తుప్పలేనట. మేమొచ్చేసరికే మధ్యలో ఓ పది బిల్డింగులు లేచాయి. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల గోడలే. పొద్దున పదింటికి వాటి మీద ఎండ పడితే మా హాల్లోకి చూడలేనంత వెలుగు కొడుతుంది. బట్టలు ఆరడానికి బాగుంటుందిగానీ ఫోటోకి మాత్రం శత్రువు. ఆ వెలుగుకి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్న మనిషి మొహం అట్లపెనంలా నల్లగా వస్తుంది. పోనీ మొహం కనపడేలా సరిచేద్దామంటే వెనకాల ఆఫీసులన్నీ పాలు పొంగి ఒలికిపోయినట్టు తెల్లగా మాయమైపోతాయి. కొడుకో తల్లో, ఇద్దరిలో ఒకరే కనిపిస్తారు.

మన కళ్ళకి ఈ బాధ లేదు. అటు చూస్తే అటు సర్దుకుంటాయి, ఇటు చూస్తే ఇటు. కెమెరాకి ఒకేసారి, ఒకే లెక్క. మావారి భాషలో ఒక్కో మెట్టుని స్టాప్ అంటారు. మెట్టు ఎక్కితే వెలుగు రెట్టింపు, దిగితే సగం. బయట నిండు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటే, తలుపుకి దూరంగా ఇంట్లో రెండొందలుంటే గొప్ప. అంటే అయిదొందల రెట్లు తేడా, తొమ్మిది మెట్లు. ఆ మెట్లన్నీ ఒక్క ఫోటోలో ఇమడ్చాలి. దానికే హెచ్.డి.ఆర్ అనేది పుట్టింది. చీకటిగా ఒకటి, మామూలుగా ఒకటి, వెలుతురుగా ఒకటి తీసి, ఒక్కోదాంట్లో బాగా వచ్చిన భాగం తీసుకుని ఒకటిగా కలపడం. ఇదేదో కంప్యూటర్లొచ్చాక పుట్టిన విద్య అనుకున్నాను నేను. కాదట. 1850ల్లోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ తీసి రెండూ కలిపి ఒకే ఫోటోగా వేసేవాడట. ఇది మావారు నాకు గిన్నెలు తుడుస్తూ చెప్పారు. గిన్నెలు తుడిచే మనిషి ఏం చెప్పినా నేను వింటాను.

ఆ కలిపే పని ఎవరు చెయ్యాలన్నదే మా ఇంట్లో గొడవ. నేను ఫోన్ పక్షం. బొటనవేలితో ఒక్క నొక్కు, ఫోన్ లోపలే అన్నీ కలుపుకుని ఇచ్చేస్తుంది. మావారు కెమెరా పక్షం. పాప పుట్టినప్పుడు కొన్న డీఎస్ఎల్ఆర్ ఉంది, దానికో స్టాండు. ఆయన లెక్క ప్రకారం స్టాండు మీద పెట్టి, లెన్సు తెరుచుకునే వెడల్పు మార్చకుండా, ఐఎస్ఓ, రంగుల లెక్క మార్చకుండా, షట్టరు వేగం ఒక్కటే మారుస్తూ మనమే మూడు తియ్యాలి. తర్వాత తీరిగ్గా కంప్యూటర్లో కలపాలి. దాని పేరు బ్రాకెటింగ్.

నాకు అర్థమైన భాషలో చెప్తాను. ఫోన్ హెచ్.డి.ఆర్ అంటే కుక్కర్లో గిన్నెలు పెట్టడం. కింద పప్పు, మధ్యలో అన్నం, పైన కూరముక్కలు. మూడు కూతలకి అన్నీ అయిపోతాయి, మంట ఒకటే, మధ్యలో మూత తీసి చూసుకోవడానికి లేదు. బ్రాకెటింగ్ అంటే దేనికది విడిగా వండుకోవడం. పప్పుకి పప్పు మంట, అన్నానికి అన్నం మంట. రుచి మన చేతిలో ఉంటుంది, నిజమే. రోజూ అలా వండితే బడి బస్సు వెళ్ళిపోతుంది, అదీ నిజమే.

మావారి బ్రాకెటింగ్ మోజుకి ఒక చరిత్ర ఉంది. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు కదా. మొదట్లో శని, ఆదివారాలు బళ్ళు ఆపేసి జనాన్ని నడవనిచ్చేవాళ్ళు. ఓ రాత్రి ఈయన స్టాండు భుజాన వేసుకుని మమ్మల్నందర్నీ తీసుకెళ్ళారు. చెరువు గట్టున స్టాండు పాతి, ఊపిరి బిగబట్టి మూడు ఫోటోలు తీశారు. ఇంటికొచ్చి కలిపితే ఆ బొమ్మ హోలీ మర్నాడు మా వాచ్‌మన్ చొక్కాలా ఉంది. ఏమైందంటే వంతెన తీగలకి పెట్టిన లైట్లు రంగులు మారుతూ ఉంటాయి. మొదటి ఫోటోలో నీలం, రెండోదాంట్లో గులాబీ, పెద్ద ఎక్స్‌పోజరులో సగం ఆకుపచ్చ, సగం ఇంకేదో. పిల్లలు మూడు రోజులు నవ్వారు. మర్నాడు పక్కన నిలబడి నేను ఫోన్ తో తీసిన ఫోటోనే మా కుటుంబం గ్రూపులో పెట్టాం.

ఆ దెబ్బకి ఆయన వంతెన వదిలేసి బండరాళ్ళ మీద పడ్డారు. చెరువు చుట్టూ ఇంకా మిగిలిన రాళ్ళున్నాయే, సుమారు రెండొందల యాభై కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ అట. అవి మాత్రం అద్భుతంగా వచ్చాయి, నేనొప్పుకుంటాను. రాయి నీడలో నాచు, పైన మబ్బు అంచు, రెండూ ఉన్నవున్నట్టు. అంత ఓపికగా కూర్చునే మనుషులు ఎక్కడ దొరుకుతారు?

అత్తయ్యగారు మాత్రం అలా కూర్చునే రకం కాదు.

అప్పుడు కార్తీకమాసం. పౌర్ణమికి మూడువందల అరవై అయిదు వత్తులు కావాలి, అవి కొన్నవి కాకూడదు. ఫోటో కోసమని కుర్చీలో కూర్చోబెడితే ఒళ్ళో పత్తి పెట్టుకుని వత్తులు చేస్తూనే ఉన్నారు. "చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే నాకు తోచదు. మొహం తీసుకోండి, చేతులతో మీకేం పని?"

ముందు నా ఫోన్. ఒక్క నొక్కు. తెర మీద చూస్తే అబ్బ, మొహం ఉంది, ఆఫీసు ఉంది, ఆకాశంలో మబ్బుతునక కూడా ఉంది. "చూశారా" అన్నాను. మా చిన్నది "సూపర్ మామ్మా" అంది. మధ్యాహ్నానికల్లా కింద ల్యాబులో పెద్దది ప్రింటు వేయించి తెచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి అడిగారు.

"ఎవరే ఈవిడ?"

"మీరే అత్తయ్యగారూ."

"నా మొహం మీద ముడతలేవి? ఇస్త్రీ చేయించారా?"

నిజమే, నేను ఫోన్ లో చూసుకోలేదు. చెంపలు వెన్నముద్దల్లా నునుపుగా ఉన్నాయి. తెల్లజుట్టు చుట్టూ సినిమాల్లో దేవుళ్ళకి పెట్టే చక్రంలా ఒక వెలుగు అంచు. "ఇవి ఊరికే వచ్చాయనుకున్నావా? మీ మామయ్య జీతం, ముగ్గురు పిల్లల చదువులు, రెండు పెళ్ళిళ్ళు. దేనికి ఏ గీతో చెప్పమన్నా చెప్తాను" అన్నారావిడ. మొదటి షరతు అక్కడే పోయింది.

ఎందుకిలా అని మావారినడిగితే ఆనందంగా పాఠం మొదలెట్టారు. గూగుల్ వాళ్ళు 2013లో నెక్సస్ 5 ఫోన్ లో తెచ్చిన పద్ధతిలో ఒకటి చీకటి, ఒకటి వెలుతురు అని తియ్యరట. అన్నీ కొంచెం చీకటిగానే, చాలా త్వరత్వరగా, వరసగా తీస్తారు. చీకటిగా తీస్తే ఆకాశం పాడవదు. చాలా ఫోటోలు కలిపి సగటు వేస్తే నీడల్లో ఉండే గరుకంతా పోతుంది. అందుకే మనిషి కాస్త కదిలినా పెద్దగా తెలియదు. ఎవరైనా మరీ కదిలితే ఆ ముక్క వరకు పక్కన పెట్టేస్తుంది. ఆ తర్వాత మిగిలిన గరుకుని తుడవడం, నీడల్ని పైకి లేపడం. ఆ తుడుపులో ముడతలు కూడా పోతాయి. "తర్వాత వాళ్ళే బ్రాకెటింగ్ కూడా కలిపారు, తెలుసా? చివరికి మా దారికే వచ్చారు" అన్నారు, ఆ ఫోన్ కంపెనీ తన మాట విని మారినట్టు.

"అయితే మీ కెమెరాలో కూడా హెచ్.డి.ఆర్ బటన్ ఉంది కదా, అది నొక్కండి." నొక్కారు. అది ఫోన్ అంత వేగం కాదు. టక్, టక్ మని తీసి, కాసేపు ఆలోచించి ఒక జేపెగ్ ఇచ్చింది. మొహం మొహంలాగే ఉంది, ముడతలతో సహా. చేతులు మాత్రం నాలుగు. వత్తి నలుపుతున్న చెయ్యి ఒకచోట, పత్తి తీస్తున్న చెయ్యి ఇంకోచోట. "మామ్మ అమ్మవారైపోయింది" అని మా చిన్నది ఎగిరింది. ఆవిడకీ నవ్వొచ్చింది. పోనీ ఆ ముక్కల్ని విడదీసి ఏ చేతులు కావాలో ఎంచుకుందామంటే కుదరదు. కలిపేశాక విడి ఫోటోలు మిగల్చదు మా కెమెరా. కుక్కరు మూత అన్నాను చూశారా, అదే.

అప్పుడొచ్చింది మావారి వంతు. స్టాండు, రెండు సెకన్ల టైమరు, సామాను అంతా. సెకనులో అరవయ్యో వంతు ఒకటి, రెండొందల యాభయ్యో వంతు ఒకటి, పదిహేనో వంతు ఒకటి. "అమ్మా, వత్తులు పక్కన పెట్టు. కదలకు. రెప్ప వెయ్యకు." ఆవిడ కదలలేదు. కదలకుండా కూర్చున్న అత్తయ్యగారిని నేను పదిహేడేళ్ళలో మొదటిసారి చూశాను. ఆధార్ కార్డులో ఫోటోకి ఏ మాత్రం తీసిపోలేదు. పైగా మూడోదాంట్లో ఊపిరి తీసుకున్నట్టున్నారు, కమ్మలు రెండు జతలైనట్టు కదిలింది. ఆ రాత్రి మావారు వాటిని కలుపుతూ, విడదీస్తూ పదకొండు దాకా కూర్చుని, విసుగొచ్చి లాప్‌టాప్ అలాగే వదిలేసి పడుకున్నారు.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక తెర తుడుస్తుంటే మూడు ఫోటోలూ పక్కపక్కన ఉన్నాయి. నేను ఊరికే చూశాను. చీకటి ఫోటోలో ఆఫీసు అద్దాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అత్తయ్యగారు నల్లటి ఆకారం. మధ్యది మామూలు. మూడోది, బాగా తెల్లబోయింది, పనికిరానిది. బయట అంతా తెల్లగా పోయి, ఇంట్లో నీడలన్నీ తేటతెల్లమయ్యాయి. సోఫా కింద పిల్లాడి సాక్సు కనిపించింది. కుర్చీ కింద, చీర కుచ్చిళ్ళ నీడలో అత్తయ్యగారి పాదాలు కనిపించాయి.

నేను పెద్దది చేసి చూశాను. చెప్పుల పట్టీ ఉండాల్సిన చోట లోతుగా ఒక గాడి. చీలమండల దగ్గర ఎముక ఉబ్బు కనపడటం లేదు, నున్నగా నిండిపోయి ఉంది. రెండు కాళ్ళూ అంతే.

ఎన్నాళ్ళుగా? రోజూ ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తాను. కాఫీ చేతికిస్తాను. ఎప్పుడూ చూడలేదు. చీర నేలకి జీరాడేలా కట్టడం మొదలెట్టి నెలైందని అప్పుడు గుర్తొచ్చింది. కింద పార్కుకి రావడం మానేసి "మోకాళ్ళే" అన్నది కూడా. అనుమానం వచ్చి నా ఫోన్ ఫోటో తీసి చూశాను. అందులోనూ పాదాలున్నాయి. గాడి లేదు. చెంపల్లాగే వాటినీ శుభ్రంగా తుడిచిపెట్టేసింది. దాన్ని తప్పు పట్టను. అది ఫోటో అందంగా రావాలని చూసింది. ఇన్నాళ్ళూ నేను మాత్రం ఏం చేశానని?

లాప్‌టాప్ తీసుకెళ్ళి ఆవిడ మంచం మీద పెట్టాను. ఆవిడ చూసి, కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడుచుకున్నారు.

"మీ మామయ్యకీ కాళ్ళవాపుతోనే మొదలైందే" అన్నారు.

దండ ఫోటో ఎందుకు అడిగారో నాకప్పుడు అర్థమైంది. ముందుచూపు కాదు, భయం. ఎవరికీ చెప్పకుండా, ఇడ్లీలో నెయ్యి కలుపుకుంటూ అడిగిన భయం. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి "చెప్పుల సైజు మారితే కూడా నాకు చెప్పరా మీరు?" అని అరిచాను. పదిహేడేళ్ళలో ఆవిడ మీద గొంతు లేవడం అదే మొదలు. ఆవిడ ఏమీ అనుకోలేదు. "కాస్త కాఫీ పెట్టు, తాగి వెళ్దాం" అన్నారు. ఎక్కడికని నేను చెప్పకుండానే.

ఆ వారమంతా ఆస్పత్రి. గుండెకి ఎకో, రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, కిడ్నీ, లివరు. మావారు ఆఫీసు కాల్స్ అన్నీ ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మాట్లాడారు. నేను ఆ రిపోర్టులొచ్చేదాకా పడ్డ బాధ ఇక్కడ రాయను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ కొత్తగా వేసుకుంటున్న బీపీ మాత్ర వల్లనట. ఆ రకం మందుతో కొందరికి పాదాలు వాస్తాయట, అది మామూలేనట. డాక్టరుగారు మాత్ర మార్చి, పదిహేను రోజుల్లో రమ్మన్నారు. (మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కాళ్ళు వాస్తే ఇదేనని మీకు మీరే తేల్చుకుని మందు ఆపెయ్యకండి. చూపించుకున్నాకే తెలిసింది మాకూ.)

వాపు దిగాక ఓ సాయంత్రం, పొద్దుగూకి ఇరవై నిమిషాలై ఉంటుంది. నేను హాల్లో లైట్లు వేసి దీపం పెట్టడానికి వెళ్తున్నాను. ఆవిడ బాల్కనీ తలుపు దగ్గర అదే కుర్చీలో ఉన్నారు, ఒళ్ళో పత్తి. బయట ఆకాశం నీలంగా దిగుతోంది, ఆఫీసుల్లో ఒక్కొక్క అంతస్తే వెలుగుతోంది. లోపలి వెలుగూ బయటి వెలుగూ సమానంగా ఉన్నాయని నాకు ఏ లెక్కా లేకుండానే తెలిసింది. కళ్ళు దేనికీ చికిలించక్కర్లేదు. "ఏవండీ, కెమెరా" అన్నాను. స్టాండు వద్దన్నాను. హెచ్.డి.ఆర్ వద్దు, బ్రాకెటింగ్ వద్దు. ఆయన ఐఎస్ఓ పదహారువందలు పెట్టి ఇచ్చారు, సెకనులో అరవయ్యో వంతు, ఒక్కటే ఒక్కటి తీశాను. తొమ్మిది మెట్ల తేడాని సూర్యుడే తగ్గించి పెట్టాడు, మేం పది రోజులు దాంతో కుస్తీ పట్టాం.

కాబట్టి నన్నడిగితే, రోజువారీకి ఫోనే. పిల్లల పుట్టినరోజులు, బాల్కనీ మొక్కలు, ప్రయాణాల్లో కిటికీ పక్క సీటు, వీటికి స్టాండు మోసేవాళ్ళని చూస్తే నాకు జాలి. కదలనివాటికి, రాళ్ళకి, గుళ్ళ గోపురాలకి, అమ్మకానికి పెట్టిన ఫ్లాట్ల హాళ్ళకి మావారి పద్ధతి. మనుషుల మొహాలకైతే ఆగగలిగితే ఆగడం. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. కలిపేశాక విడి ఫోటోలు పారెయ్యొద్దని మావారికి చెప్పాను. ఇదివరకు "హార్డ్ డిస్క్ నిండిపోతోంది, తీసెయ్యండి" అని పోరింది నేనే.

ఆ ఫోటో ప్రింటు తెచ్చి ఆవిడ చేతికిచ్చాం. ముడతలన్నీ ఉన్నాయి, చేతులు రెండే, వెనకాల వాళ్ళబ్బాయి ఆఫీసులో ఆరో అంతస్తు దాకా లైట్లు. ఆవిడ చాలాసేపు చూశారు. మావారు నా వైపు చూశారు. బాగుందంటారేమో అని ఇద్దరం ఎదురుచూస్తున్నాం.

"కమ్మలు ఇవి కాదురా. నా రవ్వల దిద్దులు లాకర్లో ఉన్నాయి, సంక్రాంతికి తెచ్చుకుంటాను కదా. అప్పుడు మళ్ళీ తీద్దురుగాని. ఇప్పుడేం తొందర?" అన్నారు.